పాత పద్ధతి గడ్డానికి సామాన్లు: ఏది ముందు, ఏది తర్వాత

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. నా వయసు 27. మూడు బ్లేళ్ల కార్ట్రిడ్జి రేజరుతో గడ్డం గీసుకున్న మర్నాడల్లా మెడ మీద ఎర్రటి పొక్కులు లేస్తున్నాయి. రెండు అంచుల బ్లేడు వేసుకునే పాతకాలపు రేజరుకు మారదామనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో రేజరు, బ్రష్షు, గిన్నె, స్టాండు, సబ్బు, లోషను అన్నీ కలిపి 5,000 రూపాయల సెట్టు ఒకటి చూశాను. కొనవచ్చా? అందులోని బ్రష్షు పంది వెంట్రుకలదట. అమ్మ అది ఇంట్లోకి తేవద్దంటోంది. నాన్నగారి పాత రేజరు ఒకటి బీరువాలో ఉంది, పనికొస్తుందా? అంతకంటే సెలూన్ వాళ్ల కత్తి నేర్చుకోవడమే మేలంటాడు మా బావ. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకోబోతున్నాను. ఈ లోపల చెయ్యి కుదురుతుందా?
ఒక పాఠకుడు, గుణుపురం

సమాధానం: ఆ సెట్టు కొనకండి. ఆ ధరకు మంచి సామానే రావచ్చు గానీ, రేజరు, బ్లేడు, బ్రష్షు, సబ్బు, లోషను అన్నీ ఒకే రోజున మార్చిన మనిషికి మర్నాడు మెడ మండితే ఆ మంట దేనివల్ల వచ్చిందో తేల్చుకునే దారి ఉండదు. బ్లేడు పడలేదా, సబ్బులోని సువాసన పడలేదా, తానే చెయ్యి బిగించాడా అన్నది తెలియక చాలామంది నెల తిరక్కుండానే సామానంతా అటకెక్కించి మళ్లీ పాత కార్ట్రిడ్జికే పోతారు. ఒక్కొక్కటిగా మార్చుకుంటూ, మార్చినదానికల్లా రెండు వారాల గడువు ఇచ్చేవారికి ఈ పద్ధతి కుదురుతుంది. పైగా ఆ సెట్టులో గిన్నెకూ స్టాండుకూ పోయే డబ్బు మీ గడ్డానికి ఏ విధంగానూ పనికిరాదు. వంటింట్లో ఉన్న చిన్న స్టీలు గిన్నె ఆ పని చేస్తుంది.

ముందు మెడ సంగతి చూద్దాం. 1971లో జిల్లెట్ సంస్థ జంట బ్లేళ్ల కార్ట్రిడ్జిని బజారులోకి తెచ్చింది. అప్పటి నుంచి బ్లేళ్ల సంఖ్య పెరుగుతూనే వచ్చింది. వాటిలో ముందున్న బ్లేడు వెంట్రుకను పట్టి కొంచెం పైకి లాగుతుంది. అది తిరిగి లోపలికి జారేలోపు వెనుక బ్లేడు దాన్ని కోస్తుంది. చెంపల మీద ఇందువల్ల నున్నగా అనిపిస్తుంది. మెడ మీద మాత్రం, ముఖ్యంగా వెంట్రుక వంకీ తిరిగే గుణం ఉన్నవారికి, చర్మం మట్టం కంటే కిందికి పోయిన ఆ కొస మళ్లీ పెరిగేటప్పుడు నేరుగా బయటికి రాక పక్కకు తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. మీరు చెప్పిన పొక్కులు చాలావరకు అవే కావచ్చు. ఒకే బ్లేడున్న రేజరు వెంట్రుకను చర్మం మట్టానికి కోసి వదిలేస్తుంది కనుక ఈ బాధ తగ్గే అవకాశం బాగానే ఉంది. అయితే కార్ట్రిడ్జిని నొక్కి లాగే అలవాటును కొత్త రేజరుకు కూడా తీసుకువెళితే పొక్కులకు తోడు గాట్లు కూడా పడతాయి. రేజరు మారిస్తే సగం పని అయినట్టు. మిగిలిన సగం చేతిలో ఉంది.

ఇక మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన మాట నాన్నగారి రేజరు. అది బాగుంటే మీరు రేజరు కొననక్కరలేదు. కింగ్ క్యాంప్ జిల్లెట్ 1903లో అమ్మకం మొదలుపెట్టినప్పుడు ఆ ఏడాది మొత్తం మీద పోయినవి 51 రేజర్లు, 168 బ్లేళ్లే. మరుసటి ఏడాది ఆయనకు పేటెంటు దక్కింది. వాడి పారేసే ఆ పలుచటి బ్లేడు ఆలోచనే ఇన్ని దశాబ్దాలుగా నడుస్తోంది. నడుమ పొడుగాటి చీలిక ఉన్న నేటి బ్లేడు సుమారు 43 మిల్లీమీటర్ల పొడవు, 22 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటుంది. నాన్నగారి తరంలో వచ్చిన రేజర్లలో అది చక్కగా కూర్చుంటుంది.

ఆ రేజరును బయటికి తీసి గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం కొంచెం కలిపి, పాత టూత్‌బ్రష్షుతో సందుల్లో గడ్డకట్టిన సబ్బు మట్టినంతా తీసేయండి. కింద తిప్పితే పైన రెండు తలుపులు తెరుచుకునే రకమైతే ఆ కీళ్ల దగ్గరే మట్టి ఎక్కువగా పేరుకుంటుంది. అక్కడ తొందరపడి బలంగా తిప్పకుండా కాసేపు నానబెట్టండి. ఇత్తడి సామాను కదా అని చింతపండు పెట్టి మాత్రం తోమవద్దు. ఇత్తడి మీద నికెలు పూత ఉంటుంది. పులుపు దాని మెరుపును తినేస్తుంది, పూత పోతే తిరిగి రాదు. శుభ్రం చేశాక ఒకసారి స్పిరిటుతో తుడిచి ఆరనివ్వండి. తర్వాత కొత్త బ్లేడు వేసి, తల భాగాన్ని కళ్లకు ఎదురుగా పట్టుకుని వెలుతురులో చూడండి. రెండు వైపులా బ్లేడు అంచు ఒకే మేరకు బయటికి కనిపించాలి, అంచుకూ కింది పట్టీకీ మధ్య సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా సమానంగా ఉండాలి. ఒకవైపు సందు ఎక్కువైతే ఆ రేజరు ఎప్పుడో కింద పడి వంగిందన్నమాట. దాన్ని పట్టకారుతో సరిచేయబోకండి. జ్ఞాపకంగా దాచుకుని కొత్తది కొనండి.

కొనవలసి వస్తే మూడు భాగాలుగా విడిపోయే రేజరు కొనండి. పై మూత, కింది పలక, పిడి వేరువేరుగా వచ్చేస్తాయి కనుక కడగడం తేలిక, చెడిపోయే కీలు అందులో ఏదీ ఉండదు. కింది పలక అంచు దువ్వెన పళ్లలా చీలి ఉండకుండా తిన్నని పట్టీగా ఉన్నదే కొత్తవారికి మంచిది. బ్లేడు కోణాన్ని మార్చుకునే మరతో వచ్చే రేజర్లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి గానీ వాటిని ఇప్పుడు ముట్టుకోకండి. చెయ్యి కుదరని వాడికి మర తిప్పే అవకాశం ఇస్తే రోజూ మరనే తిప్పుతూ కూర్చుంటాడు. లోహం సంగతి అడిగి తెలుసుకోండి. తక్కువ, మధ్య ధరల రేజర్ల తలలు చాలావరకు జింకు మిశ్రమంతో పోతపోసి పైన క్రోము పూత పూసినవి. అవి ఏళ్ల తరబడి పనిచేస్తాయి, కాకపోతే గచ్చు మీద పడితే మరచుట్లున్న కాడ పుటుక్కున విరుగుతుంది. ఇత్తడివి, స్టెయిన్‌లెస్ స్టీలువి గట్టివి, ఖరీదు కూడా ఎక్కువే. మన దేశంలో తయారయ్యే మంచి లోహపు రేజరుకు వెయ్యి నుంచి రెండు వేలు పెడితే సరిపోతుంది. అంతకు మించి మొదటి రేజరు మీద పెట్టనక్కరలేదు.

బ్లేళ్ల విషయంలో మాత్రం నిజంగానే కొంత వెతుకులాట ఉంటుంది. ఒకరి చర్మానికి వెన్నలా నడిచిన బ్లేడు మరొకరికి గీరుకుంటుంది. దీనికి ముందుగా చెప్పగల సూత్రం లేదు. అదృష్టవశాత్తూ మనవైపు కిరాణా కొట్లలోనూ ఫ్యాన్సీ షాపుల్లోనూ సెవెన్ ఓ క్లాక్, టోపాజ్, విల్కిన్సన్ వంటివి దొరుకుతూనే ఉంటాయి. గుణుపురంలో లేనిది పర్లాకిమిడిలోనో, బరంపురం వెళ్లినప్పుడో, పార్వతీపురంలోనో తెచ్చుకోవచ్చు. ఒక్కొక్క బ్లేడు కొద్ది రూపాయలకే వస్తుంది కనుక రెండు మూడు రకాల చిన్న ప్యాకెట్లు తీసుకోండి. వంద బ్లేళ్ల పెట్టె చౌకగా వస్తోందని ముందే కొనేయవద్దు. పేరున్న బ్లేళ్లకు నకిలీలు ఉన్నాయి. అచ్చు అలుక్కుపోయి, అంచు కాగితానికి అతుక్కుని ఉన్న ప్యాకెట్టును కొట్టువాడికే తిరిగి ఇచ్చేయండి. ఒక బ్లేడును మూడు నుంచి ఐదు సార్లు వాడి పారేయండి. వెంట్రుకను కోయకుండా లాగుతున్నట్టు అనిపిస్తే రెండోసారికే తీసేసినా నష్టం లేదు. ఇంకొక మాట: నాన్నగారు బ్లేడును విప్పి తుడిచి ఆరబెట్టి మళ్లీ కాగితంలో చుట్టడం మీరు చూసే ఉంటారు. కార్బన్ స్టీలు బ్లేళ్లు ఒక్క రాత్రిలో తుప్పు పట్టే రోజుల్లో అది అవసరం. 1960ల నుంచి స్టెయిన్‌లెస్ బ్లేళ్లు వ్యాపించాయి కనుక ఇప్పుడు నీళ్లలో జాడించి దులిపితే చాలు. తువ్వాలుతో తుడిస్తే అంచు మొండిబారుతుంది, వేలు కూడా తెగుతుంది.

బ్రష్షు దగ్గర మీ అమ్మగారి మాటే నెగ్గనివ్వండి. అందులో మీకు నష్టమేమీ లేదు. పంది వెంట్రుకల బ్రష్షును ప్రతిసారీ కొన్ని నిమిషాలు నానబెట్టాలి, కొత్తలో వారాల తరబడి బిరుసుగా ఉంటుంది, మన వర్షాకాలంలో రోజంతా ఆరక ముక్కిన వాసన పట్టేస్తుంది. బ్యాడ్జర్ వెంట్రుకలది మెత్తన, ఖరీదు ఎక్కువ, అదీ జంతువు వెంట్రుకే. ఇప్పటి సింథటిక్ నారల బ్రష్షులు మెత్తగా ఉంటాయి, నానబెట్టే పని లేదు, తక్కువ సబ్బుతో నురగ పడుతుంది, దులిపి తలకిందులుగా వేలాడదీస్తే త్వరగా ఆరిపోతాయి. ఇంట్లో పట్టింపు లేకపోయినా నేను మీకు దీన్నే చెప్పి ఉండేవాణ్ణి. అమ్మగారి పట్టింపు సబ్బుకు కూడా వర్తిస్తుందేమో అడిగి చూడండి, ఎందుకంటే విదేశీ షేవింగ్ సబ్బులు కొన్నింటిలో పశువుల కొవ్వు వాడతారు. పెట్టె మీద ఉన్న పదార్థాల పట్టిక చదివి తీసుకోండి. మొదటి రెండు నెలలూ కొట్లో దొరికే మామూలు షేవింగ్ క్రీము చాలు. డబ్బాలోంచి బుస్సుమని వచ్చే నురగ వద్దు. అందులో గాలి ఎక్కువ, తడి తక్కువ.

సామాన్ల గురించి ఇంత శ్రద్ధగా అడిగే ఉత్తరాల్లో ఎవరూ అడగనిది నీళ్ల గురించి. ఊరు వంశధార ఒడ్డునే ఉన్నా మీ ఇంటికి వచ్చేది బోరు నీళ్లయితే, అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి, నురగ నిలవదు. చాలామంది అప్పుడు సబ్బును తిట్టి మరో సబ్బు కొంటారు. ముందుగా ఒక చిన్న సీసాలో సగం దాకా మీ నీళ్లు పోసి, స్నానపు సబ్బు తునక వేసి బాగా కుదిపి చూడండి. నురగ లేచి నిలబడితే సరే, లేకుండా పైన తెట్టు తేలితే అవి కఠిన జలాలే. వాటిని మరిగించి చల్లార్చి తేరుకున్న నీళ్లు వాడితే కొంత తేడా ఉంటుంది గానీ మరిగిస్తే కఠినత్వమంతా పోదు, ఆర్.ఓ. నీళ్లో పట్టిపెట్టిన వాన నీళ్లో వాడితే ఇంకా మేలు. నురగకు కావలసింది అరగ్లాసే. ముఖం కడుక్కోవడానికి మీ బోరు నీళ్లే వాడుకోండి.

గీసుకునే ముందు స్నానం చేయండి, లేకపోతే గోరువెచ్చని నీళ్లతో తడిపిన తువ్వాలును మూడు నిమిషాలు గడ్డానికి పట్టి ఉంచండి. నీళ్లు తాగిన వెంట్రుక మెత్తబడి తేలిగ్గా తెగుతుంది. తర్వాత తడి బ్రష్షును ఒకటి రెండుసార్లు దులిపి, బాదం గింజంత క్రీమును గిన్నెలో వేసి గుండ్రంగా తిప్పండి. మొదట పెద్ద పెద్ద బుడగలు వస్తాయి. అవి గాలి బుడగలు, వాటిని చూసి మోసపోకండి. రెండు మూడు చుక్కల నీళ్లు వేస్తూ మళ్లీ మళ్లీ తిప్పుతుంటే బుడగలు కనిపించకుండా పోయి, నురగ మీద సన్నటి మెరుపు వస్తుంది. బ్రష్షు ఎత్తితే కొస నిలబడి మెల్లగా వంగాలి. నిటారుగా, పొడిగా నిలబడితే ఇంకా నీళ్లు పడాలి. కొత్తవారి పొరపాటు దాదాపు ఎప్పుడూ నీళ్లు తక్కువ కావడమే. గడ్డం గీసుకోకుండా ఒక సాయంత్రం ఊరికే నురగ తీస్తూ కూర్చుంటే ఈ పని వచ్చేస్తుంది.

మొదటిసారి రేజరు పట్టే ముందురోజు, పొడిగా ఉన్న గడ్డం మీద వేలితో నాలుగు దిక్కులా నిమిరి వెంట్రుక వాలు ఎటుందో చూసుకోండి. చెంపల మీద కిందికి ఉంటుంది, మెడ మీద మాత్రం చాలామందికి పక్కకో పైకో తిరిగి ఉంటుంది. కుడివైపూ ఎడమవైపూ ఒకలా ఉండాలని కూడా లేదు. మీ పొక్కులకు మూలం అక్కడే ఉండవచ్చు. బ్లేడును పొట్టి కొసల దగ్గర పట్టుకుని వేసి, రేజరు పై మూతను చెంపకు ఆనించి పిడిని ముఖానికి నిటారుగా పట్టండి. అక్కడి నుంచి పిడిని మెల్లగా కిందికి దించుతూ పోతే ఒకచోట బ్లేడు వెంట్రుకను అందుకుంటుంది. చర్మానికీ బ్లేడుకూ మధ్య సుమారు 30 డిగ్రీల కోణం అక్కడ కుదురుతుంది. రెండో చేత్తో చర్మాన్ని బిగదీసి, రేజరు తల బరువు తప్ప మీ బలమేదీ దాని మీద పడకుండా, అంగుళం అంగుళం చొప్పున వాలు వెంబడే గీయండి. సరిగ్గా ఉంటే చరచరమని సన్నటి చప్పుడు వినిపిస్తుంది. కాబట్టి ఆ సమయంలో ఫోనులో పాటలు ఆపేయండి.

మొదటి రెండు వారాలు వాలు వెంబడి ఒక్కసారే గీసి ఆగిపోండి. చెయ్యి పెట్టి చూస్తే కొంచెం గరుకు ఉంటుంది, ఉండనివ్వండి. మూడో వారంలో మళ్లీ నురగ పూసి చెంపల మీద వాలుకు అడ్డంగా ఒకసారి గీయవచ్చు. మెడ మీద వాలుకు ఎదురుగా గీయడం మీవంటి చర్మానికి బహుశా ఎప్పటికీ వద్దు. రోజూ గీసుకోవాలన్న పట్టుదల కూడా పెట్టుకోకండి. మంగళవారం, శనివారం గడ్డం ముట్టని ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. మీ ఇంట్లోనూ ఆ ఆనవాయితీ ఉంటే మెడకు ఆ సెలవు మంచిదే చేస్తుంది.

అయిన తర్వాత చల్లటి నీళ్లతో కడుక్కుని, తడి పటిక ముక్కను ముఖమంతా ఒకసారి రుద్దండి. సెలూన్లలో ఇన్నాళ్లూ అది ఊరికే లేదు. చిన్న గాట్ల నెత్తురును అది ఆపుతుంది. ఇంకొక ఉపయోగం కూడా ఉంది: పటిక చురుక్కుమన్న చోటల్లా మీరు ఆరోజు చెయ్యి నొక్కారని అర్థం. అరనిమిషం ఆగి కడిగేసి, వాసన లేని మాయిశ్చరైజరు ఏదైనా రాసుకోండి. సెట్టులో వచ్చే స్పిరిటు లోషను పొక్కులున్న మెడకు మంట తప్ప మరేమీ ఇవ్వదు.

మీ బావగారి సలహా గురించి క్లుప్తంగా చెబుతాను. మడత కత్తి పట్టాలంటే ప్రతిసారీ తోలుపట్టీ మీద నూరాలి, అప్పుడప్పుడు సానరాయి మీద పట్టాలి, ఒక చెంప కుడిచేత్తో గీస్తే రెండో చెంపకు ఎడమచెయ్యి కూడా తిరగాలి. నేటి సెలూన్లలో కనిపించేది అది కూడా కాదు. రెండు అంచుల బ్లేడును నిలువునా విరిచి, ఆ సగం బ్లేడును పిడిలో బిగించినది. అడ్డుపట్టీ లేని ఆ అంచు ఎదుటివారి ముఖం మీద రోజంతా పనిచేసే చేతికే లొంగుతుంది. ఇష్టముంటే రెండేళ్ల తర్వాత ఆలోచించండి. సెలూన్‌కు వెళ్లినప్పుడు మాత్రం కొత్త బ్లేడును మీ కళ్లముందు విరవమనండి, ఇంట్లో కూడా మీ బ్లేడును మరొకరికి ఇవ్వకండి. నెత్తురు అంటిన బ్లేడు ద్వారా హెపటైటిస్ బి, సి వంటివి సోకగలవు.

మాల సంగతికి వస్తే, కార్తీకానికి ముందు కనీసం ఆరు వారాలు చేతిలో ఉంటే ఇప్పుడే మొదలుపెట్టండి, లేకపోతే దీక్ష తర్వాతే మొదలుపెట్టడం మేలు. మండలం రోజులు గడ్డం పెరిగితే మెడ పొక్కులు వాటంతట అవే చాలావరకు తగ్గుతాయి, ఎందుకంటే పొడుగైన వెంట్రుక చర్మంలోంచి బయటికి వచ్చేస్తుంది. మాల తీశాక ఆ గడ్డం మీద నేరుగా రేజరు పెట్టకండి. కత్తెరతోనో ట్రిమ్మరుతోనో బాగా పొట్టిగా చేసి, ఒక రోజు ఆగి, స్నానం చేసి, కొత్త బ్లేడుతో వాలు వెంబడి ఒక్కసారి మాత్రం గీయండి. ఈలోపు పొక్కుల్లో చీము చేరినా, మానినచోట గట్టి కణుపుల్లా మచ్చలు మిగులుతున్నా సామాన్లు మారుస్తూ కూర్చోకండి. బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, అక్కడ చూపించుకోండి.

వాడిన బ్లేళ్లను చెత్తబుట్టలో వేయకండి. ఖాళీ రేకు డబ్బా మూత మీద బ్లేడు పట్టేంత సన్నటి చీలిక చేసి, మూత చుట్టూ టేపు వేసి స్నానాల గదిలో ఎత్తుగా పెట్టుకోండి. నిండడానికి ఏళ్లు పడుతుంది. నిండాక చీలికకు కూడా టేపు వేసి, పైన పెద్ద అక్షరాలతో బ్లేళ్లు అని తెలుగులోనూ ఒడియాలోనూ రాసి, చెత్త బండి వాళ్లకు విడిగా చేతికి ఇవ్వండి.